భానుప్రకాశ్ సారు రాఫ్టింగ్

భానుప్రకాశ్ వనపర్తిలో ప్రైవేటు బడి నడుపుతాడు. బడిలో ఆయన మాటకు ఎదురు లేదు. బయట కూడా లేదనే అనుకుంటాడు. 2007 ఆగస్టులో టీవీలో ఏటి ఉరవడిలో పడవ నడిపే రాఫ్టింగ్ చూశాడు. మరునాడు వడ్రంగితో నాలుగు తెడ్లు చేయించి, పసుపు రంగు కొట్టించాడు. వారం రోజులు భార్య వనజను, కొడుకు అనిల్‌ను, కూతురు సౌందర్యను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి "లెఫ్ట్! రైట్!" అని అరుస్తూ గాలిలో తెడ్లు వేయించాడు. పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు. వనజ తెడ్డు వేసింది. ఆయనతో వాదించడం కన్నా తెడ్డు వేస్తే తొందరగా అయిపోతుందని పన్నెండేళ్ల కాపురంలో తెలుసుకుంది.

ఆదివారం జీపులో ధరూర్ వైపు పోయారు. వరద తగ్గి అక్కడి డ్యాం గేట్లు చాలావరకు దించేశారు. దిగువన కృష్ణ బండల మధ్య పారుతోంది. రేవుకు రెండు వందల గజాల అవతల నీళ్లు బండలకు కొట్టుకుని విరిగిపడుతున్నాయి. చేపలు పట్టే మాసయ్య పుట్టి రేవులో ఉంది. వెదురుతో అల్లి, డాంబరు పూసిన గుండ్రటి బుట్ట పడవ అది.

మాసయ్య తెడ్లు చూశాడు. "గివేంది సారూ?"

"మేం నలుగురం ఏస్తం. నువ్వు ఊకె కూసో."

"పుట్టికి తెడ్డు ఒక్కటే సారూ. తలో దిక్కు ఏస్తే గిర్రున తిరుగుతది. బండల కాడ ఎవ్వలు లేవొద్దు, ఎవ్వలు కదలొద్దు."

"నాకు చెప్తున్నవా? ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసిన."

"గది ఏటికి తెల్వదు గద సారూ."

వనజ ముందుకు వచ్చింది. "సౌందర్యకు ఈత రాదు. ఏడేండ్ల పిల్ల. నేను, అది ఈడనే ఉంటం. లేదంటే లారీ ట్యూబన్న కట్టు."

"ట్యూబులు పిరికోళ్లకు. ఎక్కుండ్రి."

వనజ ఎక్కకపోయినా ఆయన పిల్లలను ఎక్కిస్తాడు. వనజ ఎక్కింది. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుంది.

మాసయ్య తెడ్డు వేసినంతసేపు పుట్టి బాగానే పోయింది. వంద గజాలు దాటగానే భానుప్రకాశ్ "లెఫ్ట్!" అన్నాడు. పుట్టిలో నలుగురు అంచుల వెంట ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి. నలుగురూ లాగారు. పుట్టి గిర్రున తిరిగింది. అనిల్ నవ్వాడు. రెండో చుట్టుకు నవ్వు ఆపాడు.

"తెడ్లు తీయుండ్రి!" మాసయ్య అరిచాడు.

నీళ్ల హోరులో తన మాట వినపడడం లేదని భానుప్రకాశ్ లేచి నిలబడ్డాడు. "నేను చెప్పిందాకా ఎవ్వరు ఆపొద్దు!"

పుట్టి ఆయన వైపు ఒరిగింది. అంచు మీంచి నీళ్లు వచ్చాయి. సౌందర్య ఆ అంచు దాకా జారింది. వనజ ఒక చేత్తో గౌను పట్టుకుంది, ఇంకో చేత్తో మొగుడి ప్యాంటు పట్టి గుంజింది. ఆయన పుట్టిలో చేరిన నీళ్లలో కూలబడ్డాడు.

"కూసో! నోరు మూస్కొని కూసో!" అని వనజ అరిచింది.

ఆ మాట ఆయనతో ఇంతవరకు ఎవరూ అనలేదు. పిల్లల చేతుల్లోని తెడ్లు, తన తెడ్డు, ఆయన తెడ్డు వనజ ఏట్లోకి విసిరేసింది. "మాసన్నా, నువ్వు చెప్పు. ఏం చెయ్యాలె?"

"పిల్లల్ని నడుమ కూసోబెట్టక్కా. వంగుండ్రి."

మాసయ్య బండల దగ్గరి సుడితో కొట్లాడలేదు. పుట్టిని దాని పాటికి దాన్ని తిరగనిచ్చాడు. మూడో చుట్టుకు బండల సందు ఎదురు రాగానే ఒక్కసారి తెడ్డు వేశాడు. పుట్టి సందులోంచి బయట పడింది.

గట్టు మీద అనిల్ కక్కుకున్నాడు. సౌందర్య పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. వనజ కొంగుతో కూతురి తల తుడిచింది. భానుప్రకాశ్ అంగీ పిండుకుంటూ అన్నాడు: "మీకు టీమ్‌వర్క్ రాలేదు. వచ్చే ఏడు గేట్లన్ని ఎత్తినంక మళ్ల వద్దాం."

వనజ ఆయన వైపు చూడలేదు. "మాసన్నా, ఆటోలు యాడ ఆగుతయి?"

"గా మలుపు కాడ అక్కా."

"జీపుంది గద!" అన్నాడు భానుప్రకాశ్.

"నీకుంది. నా పిల్లలు ఇగ నీ ఎంట ఏడికీ రారు."

పిల్లల చేతులు పట్టుకుని నడిచింది. వెనక ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. అనిల్ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"అమ్మా, జల్ది నడువు," అన్నాడు. "డాడీ వస్తుండు."