ఉత్తరపు మూల గడ్డి

స్టేడియంలో గడ్డి పెంచే గడ్డిపిన్ని తెల్లారేసరికే మోకాళ్ల మీద పాకుతోంది. ఉత్తరం గోలు పక్క మూలలో, పేలు చూసే తల్లిలా గడ్డిని పాయలు తీసి మరీ చూస్తోంది.

దేశదేశాల జట్లు ఫుట్‌బాల్ ఆడటానికి వస్తున్నాయని స్టేడియానికి కొత్త పైకప్పు వేశారు. బ్రహ్మాండంగా ఉంది, కాదనడానికి లేదు. ఈ మూలకే ఎండ లేకుండా పోయింది. గడ్డి పండిపోయింది. పిన్ని లైట్లు పెట్టించింది, ఇసుక చల్లింది, బతిమాలింది, తిట్టింది. ఇవాళ పొద్దున తనిఖీ, సాయంత్రం మొదటి మ్యాచ్. నచ్చకపోతే ఆ ముక్క పీకేసి, ఎక్కడిదో గడ్డి చాపలా తెచ్చి పరుస్తారు. రేపట్నుంచి పిన్ని ఈ పని మానేస్తోంది, మోకాళ్లు మొరాయించాయి. తను పెంచిన మూల నిలబడితే చాలు, హాయిగా ఇంటికి పోతుంది.

తనిఖీ ఆఫీసరు వచ్చి గడ్డిని బూటు మడమతో నులిమాడు. తెల్లబూటు కాస్తా పచ్చబడింది.

పిన్ని ఆ బూటుకేసి చూసింది. నీళ్లు పట్టే పైపులాయన వైపు తిరిగి, "రంగేశావా?" అంది పళ్లు బిగించి.

"నీ కోసమే పిన్నీ! పచ్చగా కనపడితే పోనిస్తారనుకున్నా."

"మేలు చేయబోయి నా కొంప ముంచావు కదయ్యా!"

"ఈ ముక్క తీసేయించండి," అన్నాడు ఆఫీసరు, వెంట వచ్చిన మేస్త్రీతో.

పిన్ని ఇంక ఆగలేదు. పైపు లాక్కుని, తడారని రంగంతా కడిగేసింది. "ఒక్కసారి వంగి చూడండి బాబూ. పైది పండింది, ఒప్పుకుంటా. అడుగున చూడండి."

పండిన పోచల మధ్య కొత్త మొలకలు. ఆఫీసరు గొంతుక్కూర్చుని గుప్పెడు పట్టి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. వేర్లు నేలని వదల్లేదు.

"సరే, ఉండనివ్వండి. ఆటలో ఊడొచ్చిందంటే మాత్రం ఊరుకోను," అని చేతులు దులుపుకున్నాడు.

సాయంత్రం స్టేడియం కిక్కిరిసింది. పైపులాయన పిన్నిని ఆటగాళ్లు వచ్చే దారి పక్కన నిలబెట్టాడు. జనమంతా బంతిని చూస్తుంటే ఆవిడ మూలని చూస్తోంది. కాసేపటికి దున్నపోతులాంటి ఆటగాడొకడు బంతి వెంట దూసుకొచ్చి సరిగ్గా అక్కడే జారాడు.

"అయ్యో, పోయింది!" కళ్లు గట్టిగా మూసేసుకుంది.

"కళ్లు తెరువు పిన్నీ."

గడ్డి నలిగింది, అంతే. ఊడలేదు. గోలు తప్పిందని స్టేడియమంతా ఉసూరుమంటుంటే ఆవిడొక్కతే చప్పట్లు కొట్టింది. కాపలావాడు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూస్తే చూడనీ, ఆవిడకి కడుపు నిండిపోయింది.

"ఇంక వెళ్లొస్తానయ్యా. నీళ్లు ఎక్కువ పట్టకు, కుళ్లిపోతుంది. మళ్లీ రంగు పూశావో, చంపేస్తా!"

"సగం ఆటైనా కాలేదు పిన్నీ!"

"నేను చూడాల్సింది చూశా."

నవ్వుకుంటూ, కుంటుకుంటూ గేటు దాటింది. సామాన్ల గదిలో మేకుకి ఆవిడ మోకాళ్ల కింద వేసుకునే గోనెపట్టా వేలాడుతోంది, రెండు మోకాళ్లు ఆనినచోట రెండు గుంటలతో, ఇంకా పచ్చిమట్టితో.