చుక్క పక్కన క్యాండీ

కుసుమ ఏలూరు నుంచి కారులో వచ్చి, గినీపిగ్ ఉన్న పంజరాన్ని తనే రెండు చేతులా పట్టుకుని పుట్టింటి గుమ్మం ఎక్కింది. సాయానికి ఎదురొచ్చిన మనస్విని మోచేత్తో పక్కకు జరిపింది.

"నువ్వు ముట్టుకోకు. కొత్త చేతులు దానికి పడవు," అంది.

మనస్వి చెయ్యి వెనక్కి తీసుకుంది. కుసుమ ఆమె భర్త నాగసాయికి అక్క. తమ్ముడికి తన అత్తవారి వైపు సంబంధం ఒకటి తెచ్చి, కుదిరిపోయినట్టే అక్కడ మాటిచ్చేసింది. నాగసాయి అది కాదని, తాడేపల్లిగూడెం దగ్గర ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే మనస్విని చేసుకున్నాడు. ఆ కోపం కుసుమకు తమ్ముడి మీద ఎన్నాళ్ళో నిలవలేదు. మరదలి మీద మాత్రం అలాగే ఉండిపోయింది.

మనస్వి దగ్గర అప్పటికే ఒక గినీపిగ్ ఉంది. కాలేజీలో ప్రయోగాలకు జంతువుల్ని వాడటం ఆపేసి, వాటిని ఉంచే షెడ్డు మూసేసినప్పుడు, కుందేళ్ళనీ ఎలుకల్నీ వేరే సంస్థ పట్టుకుపోయింది. ఒక చెవి చిరిగిపోయి, ఎవరు చెయ్యి చాపినా కరిచే ఈ ఆడదాన్ని మాత్రం ఎవరూ తీసుకోలేదు. మనస్వి దాన్ని అట్టపెట్టెలో ఇంటికి తెచ్చేసింది. గుర్తు కోసం దాని వీపు మీద పూసిన పసుపుపచ్చ రంగు ఇంకా వదల్లేదు. అది చూసి అత్తగారు శేషారత్నం 'చుక్క' అని పిలిచింది. మొదట్లో ఆ ఎలుక ఇంట్లో ఉండటానికి వీల్లేదన్న మనిషే, తర్వాత పెంటపాడు చేను నుంచి పాలేరు చేత గరిక కోయించి తెప్పించేది.

అయినా చుక్క మేత సరిగ్గా ముట్టక మూలన ముడుచుకునే ఉండేది. ఇవి గుంపుగా బతికే జంతువులనీ, తోడు లేకపోతే చిక్కిపోతుందనీ ఏలూరులో పశువుల డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే కుసుమ కూతురు ఇంటర్ చదువుకని హాస్టల్‌కు వెళ్ళింది. కూతురి కోసం కొన్న గినీపిగ్ క్యాండీని ఇంట్లోంచి పంపించెయ్యమని కుసుమ అత్తగారు పట్టుబట్టింది. క్యాండీ కూడా ఆడదే.

"రెండిళ్ళ బాధా ఒకేసారి తీరిపోతుంది," అని నాగసాయి సంబరపడ్డాడు. చేపల మేత డీలరు అతను. పొద్దున్నే కొల్లేరు చెరువుల మీదకు వెళితే చీకటిపడ్డాకే ఇంటికి. ఆ రెండు బాధల మధ్యా కూర్చోవాల్సింది తను కాదు కాబట్టి సంబరపడ్డాడు.

క్యాండీ పంజరాన్ని మనస్వి వెనకగదిలో పెట్టమంది.

"ఎందుకూ?" అంది కుసుమ.

"కొన్నాళ్ళు విడిగా ఉంచాలండీ వదినగారూ. తర్వాత పంజరాలు పక్కపక్కన పెట్టి, వాసన అలవాటయ్యాక ఇద్దరిదీ కాని చోట వదలాలి. హాల్లో నేల మీద."

"అంటే నా క్యాండీకి రోగాలున్నాయంటావా?"

"మా చుక్కకే ఉండొచ్చు కదండీ. ఎందుకైనా మంచిదని."

"బాగా చెప్పావు. చావాల్సినదాన్ని ఇంటికి తెచ్చుకుని, శుభ్రంగా పెరిగినదానికి రూల్సు పెడుతున్నావు."

వంటింట్లోంచి శేషారత్నం, "దానికి తెలుస్తుందిలేవే, చదువుకుంది," అంది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. కుసుమ మొహం గంటుపెట్టుకుంది. ఏలూరు వెళ్ళడం మానుకుని, క్యాండీ కుదుటపడేదాకా ఇక్కడే ఉంటానని మొగుడికి ఫోన్ చేసి చెప్పింది.

మర్నాడంతా ఇంట్లో మాటలు గుచ్చుకుంటూనే ఉన్నాయి. మనస్వి క్యాప్సికం ముక్కలు వేస్తే, "మా క్యాండీ కొత్తిమీర తప్ప తినదు," అని కుసుమ ఏరి బయట పారేసింది. మనస్వి మళ్ళీ వేసింది. కుసుమ మళ్ళీ తీసింది. చుక్క తన పంజరంలోంచి వెనకగది వైపు చూస్తూ పళ్ళు టకటకలాడించింది.

ఆ పై రోజు మనస్వికి కాలేజీలో పరీక్ష డ్యూటీ పడింది. ఆమె స్కూటీ వీధి మలుపు తిరగ్గానే కుసుమ వెనకగదిలోకి వెళ్ళి క్యాండీని ఎత్తుకుని వచ్చింది.

"ఉండవే, మనస్వి వచ్చాక చూసుకుంటుంది," అంది శేషారత్నం.

"ఏం చూస్తుందమ్మా? రెండు పూటలు పక్కన పడుకుంటే అదే అలవాటైపోతుంది."

"వాసన తెలియాలట..."

"నన్ను ఏలూరులో దింపినప్పుడు వాసన అలవాటయ్యేదాకా వెనకగదిలో ఉంచారా మీరు?" కుసుమ గొంతు ఒక్కసారి పైకి లేచింది. "పదిమంది ఉన్న ఇంట్లో తోసేసి, సర్దుకుపోమని చెప్పి బస్సెక్కేశారు. ఒక్క కుక్కపిల్లని కూడా పెంచుకోనివ్వలేదు మా అత్తగారు. ఇన్నేళ్ళకి పిల్ల పేరు చెప్పి దీన్ని తెచ్చుకుంటే, ఇప్పుడు దీన్నీ వదిలించేసింది. నీ కోడలు లాబులో ఎలుకని తెస్తే నువ్వు చేలోంచి గడ్డి తెప్పిస్తావు!"

కూతురు ఈ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. శేషారత్నం అలా చూస్తూ ఉండగానే కుసుమ చుక్క పంజరం తలుపు తీసి క్యాండీని లోపల పెట్టేసింది.

చుక్క ముందు కదల్లేదు. మెడ మీద బొచ్చు నిక్కింది. గొంతులో గురగురమంటూ ఒకసారి అటూ ఇటూ ఊగింది. క్యాండీ వెళ్ళి చుక్క రోజూ దూరే కుండపెంకులో తలపెట్టింది. అంతే, చుక్క దాని మీద పడింది. రెండూ ఒక ముద్దయిపోయి పంజరం ఆ మూల నుంచి ఈ మూలకు దొర్లాయి. క్యాండీ కీచుమని అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. కుసుమ చెయ్యి లోపల పెట్టి క్యాండీని లాగబోయింది. చుక్క ఆమె బొటనవేలు పట్టుకుని వదల్లేదు.

మనస్వి ఇల్లు చేరేసరికి కుసుమ చేతికి తడిగుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాల్లో క్యాండీ. పై పెదవి చీలి, ముక్కు దాకా నెత్తురు.

"చూడు, నీ పిశాచం చేసిన పని చూడు!" అంది కుసుమ. "సాయిగాడికి ఫోన్ చేశాను. వాడొచ్చి దీన్ని ఆ కొల్లేటి గట్ల మీద వదిలేసి వస్తాడు. ఇది ఇంట్లో ఉంటే నేను ఈ గుమ్మం తొక్కను."

"పంజరం తలుపు ఎవరు తీశారండీ?"

"అదే వచ్చింది బయటికి."

మనస్వి అత్తగారి వైపు చూసింది. శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వే పెట్టావు కుసుమా," అంది చివరికి. "నేను పక్కనే ఉన్నాను. ఆపాల్సింది, ఆపలేదు."

"నువ్వు కూడా దాని వైపేనా అమ్మా!"

"ఎవరి వైపూ కాదే. జరిగింది చెప్పాను."

మనస్వి క్యాండీ కోసం చెయ్యి చాపింది. కుసుమ ఇవ్వలేదు. "వదినగారూ, దీనికి కుట్లు పడాలి. మీకు ఇంజెక్షన్ పడాలి. నా మీద కోపం ఏలూరు వెళ్ళాక చూసుకుందురుగాని," అని మనస్వి తువ్వాలుతో సహా లాక్కున్నంత పనిచేసింది.

నాగసాయి వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగకుండా కారు తిప్పాడు. కుసుమ ముందు సీట్లో కూర్చుంది, మనస్వి వెనక. హైవే మీద లారీలను దాటుకుంటూ ఏలూరు చేరేదాకా కారులో క్యాండీ ఒక్కటే చప్పుడు చేసింది, సన్నగా. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా కుసుమ వెనక్కి తిరిగి చూసి, మనస్వి కనబడగానే మళ్ళీ ముందుకు తిరిగేది.

దారిలో నాగసాయి ఒక్కసారి గొంతు సవరించుకుని, "అక్క చెప్పినట్టు చుక్కని ఎవరికైనా..." అన్నాడు.

"ఏవండీ, ఆ మాట పూర్తిచెయ్యకండి," అంది మనస్వి.

అతను ముందున్న లారీకి హారన్ కొట్టాడు.

ముందు ఆసుపత్రిలో కుసుమకు ఇంజెక్షన్, కట్టు అయ్యాయి. పశువుల డాక్టరు క్యాండీకి కుట్లు వేసి, చేత్తో పట్టుకుని మెత్తని తిండి పెట్టాలనీ, మందు వెయ్యాలనీ చెప్పాడు. అక్కడి నుంచి కుసుమ ఇల్లు ఎంతో దూరం లేదు. గేటు దగ్గర కారు ఆగగానే కుసుమ వెనక తలుపు తీసి నిలబడింది.

"ఇలా ఇయ్యి. నాది నేను చూసుకుంటాను."

"లోపల ఉండనిస్తారా దీన్ని?"

కుసుమ మేడ మీదకు చూసింది. వరండాలో ఆమె అత్తగారు రెయిలింగ్ పట్టుకుని కిందికే చూస్తోంది. "ఆ ఎలుకని మళ్ళీ తెచ్చావేంటి?" అని పైనుంచి అడిగింది. ఆ గొంతులో అడగడం తక్కువ, కాదనడం ఎక్కువ.

కుసుమ చాపిన చెయ్యి అలాగే ఉంది, బొటనవేలికి తెల్లని కట్టుతో. మనస్వికి ఆ క్షణంలో ఆమె మీద జాలి వేసింది. అది మొహంలో కనబడిందేమో, కుసుమ కళ్ళు ఎర్రబడ్డాయి.

"నువ్వు నన్నలా చూడక్కర్లేదు," అంది పళ్ళ మధ్య నుంచి. "తీసుకుపో. అది చచ్చిందంటే మాత్రం నీ మొహం చూడను." కారు తలుపు గట్టిగా వేసి లోపలికి వెళ్ళిపోయింది.

క్యాండీ చావలేదు. మనస్వి గడ్డి పొడిని నీళ్ళలో కలిపి సిరంజితో పెట్టేది. ఆమె కాలేజీలో ఉన్నప్పుడు శేషారత్నం పెట్టేది. పెదవి మానాక పంజరాలు రెండూ పక్కపక్కన చేరాయి. మధ్యలో ఇనపజాలీ. చాలా రోజులు చుక్క ఆ జాలీని కొరుకుతూనే ఉంది. తర్వాత కొరకడం మాని, దానికి ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం హాల్లో పాత దుప్పటి పరిచి, నడుమ గరిక కుప్పపోసి, రెండింటినీ వదిలారు. మనస్వి చేతిలో మందపాటి తువ్వాలు సిద్ధంగా పట్టుకుంది. చుక్క గురగురమంది, క్యాండీ మీదకు ఎక్కింది, దాన్ని హాలంతా తరిమింది. కరవలేదు. క్యాండీ తలవంచి ఒక గరికపోచ అందుకుంది. ఆ పోచ రెండో కొసను చుక్క లాక్కుని నమిలింది. అలా మొదలైంది. ఇప్పటికీ అవి ఒకదాన్నొకటి నాకవు. ఒకే పంజరంలో చెరో మూలా పడుకుంటాయి. కానీ చుక్క మేత తింటోంది.

శేషారత్నం కూతురికి ఫోన్ చేసి చెప్పింది. కుసుమ క్యాండీ గురించే అడిగింది, ఏం తింటోంది, బరువు పెరిగిందా అని. మనస్వి పక్కనే ఉంది మాట్లాడతావా అంటే, పాలు పొంగుతున్నాయని పెట్టేసింది.

కొన్నాళ్ళకు పెంటపాడులో చుట్టాల పెళ్ళికి వచ్చి, కుసుమ ఒక గంట ఇంట్లో ఆగింది. సరాసరి పంజరం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "క్యాండీ, క్యాండీ," అని పిలిస్తే అది వచ్చి పంజరం ఊచల్లోంచి ఆమె వేలు వాసన చూసింది. చుక్క మూల నుంచి పళ్ళు టకటకలాడించింది.

"దీని బుద్ధి మారలేదు," అంది కుసుమ, ఎవరితోనో తెలియకుండా.

"లేదండీ," అంది మనస్వి కాఫీ గ్లాసు పట్టుకుని.

కుసుమ గ్లాసు అందుకోలేదు, పక్కనున్న బల్ల వైపు చూపించింది. మనస్వి బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చల్లారాక కుసుమ కాఫీ తాగింది. తమ్ముడు కారు తీసేదాకా పంజరం ముందే కూర్చుంది. వెళ్ళేటప్పుడు అమ్మకి చెప్పింది, తమ్ముడికి చెప్పింది. మనస్వికి చెప్పలేదు.