డబ్బా అంటే పదహైదు కేజీలు

మా అత్త రాజ్యలక్ష్మమ్మకు ఖాళీగా ఉన్నది ఏదీ గిట్టదు, నాతో సహా. కమలాపురంలో మా ఇంటి ముందు గదే అంగడి. అక్కడ ఖాళీ అయిన నూనె డబ్బాలను లోపలి గదిలో కడపబండ అటక మీద పెట్టించి, వాటిలో ఏదో ఒకటి నింపేదాకా ఆమెకు అన్నం సయించదు. ఈసారి మా ఆడబిడ్డ మంగంపేట నుంచి, అక్కడి గనుల్లో తవ్వే ముగ్గురాయి పొడిని బస్తాలకొద్దీ పంపింది. స్టూలెక్కిన మా ఆయనకు గిన్నె గిన్నె అందించి నాలుగు డబ్బాలూ నింపించింది అత్త. నిండు డబ్బాను ఎవరూ ఎత్తలేదు కాబట్టి బరువెంతో ఎవరికీ తెలియలేదు.

మరునాడు ఆయన సరుకు కోసం కడపకు పోయాడు. మధ్యాహ్నం అత్త అటక కింద మంచంలో పడుకుని ఉండగా పైన టిక్కుమంది. ఆమె చెంప మీద సున్నం రాలింది. నేను తలెత్తి చూస్తే బండ మధ్యలో వెంట్రుకంత గీత. పొద్దున అది లేదు.

"అత్తా, లెయ్యి. బండ పగులుతాండాది."

"ఎప్పుడూ నాలుగు డబ్బాలే కదా ఆడ ఉండేది. డబ్బా అంటే పదహైదు కేజీలు. నాకు చెప్తాండావా?"

"పదహైదు కేజీలు నూనె పోస్తేనే అత్తా. ఇది ముగ్గురాయి."

"ముగ్గుకేం బరువుంటాదే? రెండు వేళ్లతో పట్టి వేస్తాం."

మళ్లీ టిక్కుమంది. అత్త తుంటికి ఆపరేషన్ అయిన మనిషి. లాగితే ఎముక, వదిలితే బండ. డిగ్రీలో చదివిన సాంద్రత గురించి చెబితే ఆమె ఇంకో పక్కకు తిరిగి పడుకుంటుంది.

బస్తాతో పాటు వచ్చిన ముగ్గురాయి ముక్క కిటికీలో ఉంది. తీసి దూరం నుంచే చూపించాను.

"ఇదెంత తూగుతాదో చెప్పు చూద్దాం. నీ వల్ల కాదులే."

"రెండు వందల యాభై గ్రాములు."

"కాటా మీద పెడతా, రా."

రోషం తుంటికన్నా గట్టిది. చేతికర్ర అందుకుని లేచింది. ఆమె ఒక్కో అడుగూ వేస్తుంటే నేను పైకి చూడలేను, చూడకుండా ఉండలేను.

అంగట్లో కాటా నాలుగు వందల యాభై చూపింది.

"చెడిపోయిండాది నీ కాటా!"

పళ్లెంలో చెంబు పెట్టి అంచుదాకా నీళ్లు పోశాను. నీళ్లు ఒలికితే పళ్లెం తుడిచి మళ్లీ పెట్టాను. రాయిని దించి, పొర్లిన నీళ్లను తూచాను. నూరు గ్రాములు.

"రాయంత చోటు పట్టే నీళ్లు నూరు. రాయి దానికి నాలుగున్నర రెట్లు. నూనె నీళ్లకన్నా తేలిక. పొడిలో సందులు తీసేసినా, డబ్బా నలభై కేజీలకు తగ్గదు. నాలుగు డబ్బాలకు?"

లెక్కలో ఆమె నాకన్నా చురుకు. "నూటరవై," అంది. అంతలోనే, "అయ్యో, నా కళ్లజోడు మంచం మీదనే ఉండాది," అని లోపలికి తిరిగింది.

రెక్క పట్టుకుని ఆపాను. అప్పుడే ఇల్లు అదిరింది. గుమ్మంలోంచి తెల్లటి దుమ్ము మా మీదికి వచ్చి పడింది. దుమ్ము తగ్గాక చూస్తే, తలగడ ఉండాల్సిన చోట బండ ముక్క ఉంది.

ఒకరి చేయి ఒకరం వదల్లేదు. పక్కింటి ఏసుమణి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది శశికళమ్మా?"

నేను చెప్పేలోపే కనుబొమలదాకా తెల్లబడిన అత్తే జవాబు చెప్పింది.

"నాదే తప్పు ఏసుమణీ. అన్ని డబ్బాలూ పదహైదు కేజీలు కావు."