కృతజ్ఞత కూడిక నాడు

ఇనుప రాడ్ తల మీద పడేసరికి ఇశ్రాయేలు సారు మెడలో సన్మానపు శాలువా ఇంకా అలాగే ఉంది. కొట్టినవాడు బిల్డర్ గంగాధరరావు మనిషి. ఎస్సై పక్కనే నిలబడి చూశాడు. పేపర్లు దీన్ని తోపులాట అని రాశాయి. నమ్మకండి, నేను అక్కడే ఉన్నాను.

సారు ఎవరో మీలో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పైన మా లాయర్ల ఆఫీసు. నల్లగొండ పల్లెలో వెలివాడలో పుట్టి నల్లకోటు తొడుక్కున్న మనిషి, ముప్పై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశాడు. ఫుట్‌పాత్ బండ్లవాళ్లు, పోచంపల్లి నుంచి వచ్చిన మా నేతగాళ్లు, హాస్టళ్లలో వంటచేసే ఆడవాళ్లు, వీళ్లందరి కేసులూ ఆయనవే. ఆ ఆఫీసులో తలుపేసుకుని మాట్లాడే గది లేదు. ఎవరి కేసైనా అందరి ముందే మాట్లాడాలి. బల్లల మీద కూర్చున్నవాళ్లు మధ్యలో దూరి సలహాలిచ్చేవాళ్లు. పెద్ద లాయర్లు మా ఆఫీసును సంత అని వెక్కిరించేవాళ్లు. నేను, ఈ ప్రసన్న, వకాలతు నేర్చుకున్నది ఆ సంతలోనే.

అల్మాస్‌గూడ చివర ఒక బస్తీ ఉంది. పల్లెల నుంచి కూలికొచ్చిన క్రైస్తవ కుటుంబాలు బండలు పగలగొట్టి, గుంటలు పూడ్చి కట్టుకున్న ఇళ్లు. ఆ నేల మీద గంగాధరరావు కన్ను పడింది. ఒకరోజు తనే ఆఫీసుకొచ్చి, "ఇశ్రాయేలు గారూ, లోపల కూర్చుని మాట్లాడుకుందామండీ" అన్నాడు.

"మాకు లోపల అంటూ లేదు. గీళ్ల ముందే చెప్పుండ్రి" అన్నాడు సారు.

"వీళ్లతో నాకేంటండీ మాటలు?"

బల్ల మీద నుంచి ఎస్తేరు లేచింది. బస్తీ మనిషే, మేస్త్రీల దగ్గర ఇటుకలు మోస్తుంది. "మాతోని మాటలొద్దు గని, మా జాగ మాత్రం కావాల్నా?" అంది. ఆఫీసంతా ఘొల్లుమంది. గంగాధరరావు మొహం మాడ్చుకుని మెట్లు దిగిపోయాడు. ఆ నవ్వు వాడు మరిచిపోడని మాకెవరికీ తట్టలేదు.

బస్తీ జోలికి ఎవరూ రాకూడదని సారు వేసిన కేసులో శుక్రవారం కోర్టు స్టే ఇచ్చింది. ప్రార్థన ఫలిస్తే బస్తీవాళ్లు కృతజ్ఞత కూడిక పెట్టకుండా ఉండరు. ఆదివారం చర్చిలో ఆరాధన, తర్వాత అందరికీ భోజనాలు అనుకున్నారు.

"ఎవరన్న కొందరం ఇండ్లకాడ ఉండాలె సారూ" అన్నాడు ఆటో తోలే మట్టయ్య. సారుతో అతనికెప్పుడూ తగువే.

"కోర్టు ఆర్డరున్నది మట్టయ్యా. ఎవడొస్తడు? దేవునికి స్తుతి చెల్లించనీకి అందరు రావాలె."

అందరూ వచ్చారు. బాలింతలు వచ్చారు, మంచం దిగలేని ముసలివాళ్లను ఆటోల్లో తెచ్చారు. బస్తీలో కుక్కలు తప్ప ఎవరూ మిగల్లేదు. కోర్టుకు సెలవు, బస్తీకి ఆరాధన. దొంగకు ఇంతకన్నా మంచి ముహూర్తం ఏం కావాలి?

సారుకు శాలువా కప్పుతుండగా ఇళ్లు కూలుస్తున్నారని కబురొచ్చింది. తిన్నగా బస్తీకి పరిగెత్తాం. అప్పటికే జేసీబీలు ఒక వరసంతా తొక్కేశాయి. ఎస్తేరు ఇంటి గోడల కింద బియ్యం, బొంతలు, పిల్లల పుస్తకాలు మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. సారు ఎస్సై దగ్గరికెళ్లి స్టే ఉందని చెప్పాడు. "రేపు కోర్టులో చెప్పుకో పో" అన్నాడు ఎస్సై. సారు వెళ్లి జేసీబీ ముందు నిలబడ్డాడు. అప్పుడే ఆ రాడ్ పడింది. కిందపడ్డాక కూడా కొట్టారు. పుర్రె పగిలిన చప్పుడు నేను విన్నాను.

ఎస్తేరు చేతికందిన ఇటుక విసిరింది. రాడ్ పట్టుకున్నవాడి దవడ చిట్లింది. ఇక ఎవరూ ఆగలేదు. పొద్దున స్తుతి పాటలు పాడిన ఆడవాళ్లు డ్రైవర్లను కిందికి లాగి మట్టిలో తొక్కారు. జేసీబీల అద్దాలు పగిలాయి. అంతసేపూ చూస్తూ నిలబడిన పోలీసులకు అప్పుడు లాఠీలు గుర్తొచ్చాయి. మట్టయ్య చెయ్యి విరిచారు. దొరికినవాళ్లను నెత్తురు కారుతుండగానే వ్యాన్‌లోకి విసిరేశారు.

సారు దవాఖానలో మంగళవారం దాకా ఉన్నాడు, కళ్లు తెరవలేదు. పోయాడు అని ఎవరూ అనొద్దు, చంపారు.

శవాన్ని వెంటనే పెద్ద అంబర్‌పేట్ మీదుగా సొంతూరికి తీసుకుపొమ్మని పోలీసులు తొందరపెట్టారు. దవాఖాన ముందు జనం రెండుగా చీలి వాదించుకున్నారు. ఊళ్లో సమాధుల తోట ఉంది, మర్యాదగా సాగనంపుదాం అన్నారు పెద్దవాళ్లు. సారు భార్య గ్రేస్ అంతా విని లేచి నిలబడింది.

"ఊర్ల ఆయనకెవరున్నరు? ఎవరికోసం కొట్లాడిండో ఆళ్ల జాగలనే పెడ్తం."

"అమ్మా, ఆ జాగ మీద కేసున్నది" అన్నాను నేను.

"ఉండనియ్యి."

శవపెట్టె లేచింది. బండ్లవాళ్లు, నేతగాళ్లు, హాస్టళ్ల ఆడవాళ్లు, మీలాంటి విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలిశారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో పోలీసులు బారికేడ్లు అడ్డంపెట్టి కొట్టారు. మోస్తున్నవాడు పడిపోతే వెనకవాడు భుజం అందించాడు. బారికేడ్లు తోసుకుంటూ అల్మాస్‌గూడ చేరాం. ఈలోగా గంగాధరరావు కట్టిన రేకుల కంచె పీకి పారేసి, పలుగులు దించాం.

"లాయరమ్మా, మీరన్నా చెప్పండి. ఇది నేరం" అన్నాడు ఎస్సై.

"నేరమే. సెక్షన్ కూడా నాకు తెలుసు" అని గుంటలోకి దిగాను.

సారు మీద మట్టి కప్పడం పూర్తయ్యాకే పోలీసుల చేతికి చిక్కాం. జుట్టు పట్టి ఈడ్చారు, బూట్లతో తన్నారు. వ్యాన్‌లో నా పక్కన ఎస్తేరు కూర్చుంది. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది.

"మనకు బెయిల్ ఎవరిప్పిస్తరు బిడ్డా? సారు లేకపాయె. నువ్వేమో ఈడనే ఉంటివి" అంది.

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఎస్తేరు మాత్రం కిటికీ జాలీలోంచి బయటికే చూస్తోంది. వ్యాన్‌లో పట్టని జనం వందల్లో అక్కడే ఉన్నారు. శిథిలాల్లోంచి ఇటుకలు ఏరి, చేతులు మార్చుకుంటూ, మట్టి మెత్తి ఎస్తేరు ఇంటి గోడ మళ్లీ లేపుతున్నారు. వ్యాన్ కదిలింది. ఎస్తేరు జాలీకి మొహం ఆనించి గట్టిగా అరిచింది.

"మట్టితోని కాదు. సిమెంట్‌తోని కట్టుండ్రి."