అందరూ పోసిన నీళ్ళు

పెళ్ళయి ఈ వీధికి వచ్చిన కొద్దిరోజులకే నాకో పదవి దొరికింది. జీతం లేదు, సెలవులు లేవు, రాజీనామా చేసే వీలూ లేదు. మా అత్తయ్య నోరు ఊరుకోక తెచ్చిపెట్టిన పదవి అది.

మా మేడకు ఎదురుగా, వీధి మలుపులో, ఒక ఖాళీ స్థలం ఉంది. ఒకప్పుడు అక్కడ కూరల మార్కెట్ షెడ్డు ఉండేదట. షెడ్డు కూలాక అది చెత్తకుప్పయింది. ఆ కంపుకి చుట్టుపక్కల దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చీకటి పడితే ఆడవాళ్ళు ఆ మలుపు తప్పించి చుట్టు తిరిగి ఇళ్ళకు చేరేవాళ్ళు. ఇదంతా నేను రాకముందు సంగతి. నేను కాపురానికి వచ్చేసరికి వీధివాళ్ళంతా కలిసి చెత్త ఎత్తించారు, నేల చదును చేసి మట్టి తోలించారు, మున్సిపాలిటీ ఇంజనీరు చుట్టూ తిరిగి తిరిగి ఒక మాట తీసుకున్నారు. అక్కడ మొక్కలు నాటి బతికిస్తే స్థలం వీధికే పార్కుగా ఉంటుంది. చస్తే లారీల స్టాండు అవుతుంది. వానలు పడే ముందు ఆయనే వచ్చి చూసి తేలుస్తాడు.

మీటింగు మా వరండాలోనే జరిగింది. "ఇంతకీ మొక్కల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని కండక్టర్ బాబాయి అడిగాడు. ఆయన సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఎవరైనా గుమ్మంలో నిలబడితే "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి" అంటాడు. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటుంటే మా అత్తయ్య గొంతు సవరించుకుంది.

"మా కోడలు చదివిందే మొక్కల చదువు."

నేను చదివింది బీఎస్సీ బోటనీ. వేరు ముక్కని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఏ కణం ఏదో గడగడా చెప్పేస్తాను. ఆ వేరుని మట్టిలో పెట్టి బతికించమంటే మాత్రం నాకూ, మా అత్తయ్యకూ పెద్ద తేడా లేదు. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచేలోపు మా ఆయన నావైపు చూసి నవ్వాడు. కొత్త పెళ్ళికూతుర్ని. ఆ నవ్వు చూస్తూ ఉంటే విమానం నడపమన్నా తల ఊపేదాన్ని. ఊపాను.

మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపడతాడు. "మా ఆయన" అని రాయడం నాకింకా గమ్మత్తుగానే ఉంది. సాయంత్రం వచ్చి చొక్కా దులిపితే సన్నటి గాజుపొడి రాలుతుంది, దీపం వెలుగులో మెరుస్తుంది. ఒకే గ్లాసులో మా ఇద్దరి టూత్‌బ్రష్షులూ ఒకదాని మీద ఒకటి వాలి ఉంటే ఊరికే చూసి నవ్వుకుంటాను. అంత తేలిగ్గా ఉండేది అప్పుడు ప్రాణం. మొక్కలు వచ్చాక ఆ తేలిక పోయింది.

మొక్కలు నాటాం. నీళ్ళు పోయడానికి రోజుకో ఇల్లు చొప్పున వంతులు పెట్టాం. మొదటి కొత్త ఆకు విచ్చుకున్నప్పుడు నేను మా ఆయన్ని అన్నం దగ్గర్నుంచి లేపి, ఎంగిలి చేత్తోనే లాక్కెళ్ళి చూపించాను. ఆ ఆకు చూసే, మూతపడ్డ షట్టరు ఎత్తి టైలరు తన మెషిన్ మళ్ళీ తెచ్చి పెట్టుకున్నాడు. "పార్కొస్తే జనం వస్తారు, జనం వస్తే బట్టలు చిరుగుతాయి" అని అతని లెక్క. ఆసుపత్రి నుంచి పొద్దుపోయాక వచ్చే నర్సక్క చుట్టు తిరగడం మానేసింది.

తర్వాత ఆకులు పసుపుపచ్చగా మారడం మొదలైంది.

ముందు అంచులు, తర్వాత మధ్య. చూస్తూండగానే కొమ్మలు తలలు వేలాడేశాయి. నేను మేడ దిగితే చాలు, గుమ్మాల్లోంచి పలకరింపులు.

"ఏమ్మా, నీ పిల్లలు నీరసంగా ఉన్నారే?" టైలరు.

"పల్స్ పడిపోతోందమ్మాయ్. సెలైన్ పెట్టమంటావా?" నర్సక్క.

జోకులే అవి. కానీ ఆ నవ్వుల వెనక ఏముందో నాకు తెలుసు. లారీలు వస్తే టైలరు షట్టరు మళ్ళీ దిగుతుంది. నర్సక్క మళ్ళీ చుట్టు తిరగాలి. వాళ్ళ మెషిన్లూ దారులూ తెచ్చి నా డిగ్రీ మీద పెట్టుకున్నారు. నాకు ముద్ద దిగడం లేదు. మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుంటే పసుపుపచ్చ ఆకులే కనిపించేవి.

వంతు వచ్చినవాళ్ళు సరిగా పోయడం లేదేమో అనిపించింది నాకు. ఎండకి నాలుక పిడచ కట్టుకుపోతేనే కదా ఆకులు అలా వేలాడతాయి! అందుకని మధ్యాహ్నం వీధంతా కునుకు తీసే వేళ చూసుకుని ఒక బకెట్ తీసుకెళ్ళి నా వంతు కాకపోయినా పోసి వచ్చేదాన్ని. ఎవరి కంటా పడకుండా. పోయని మనిషిని పట్టించి, కొత్తగా వచ్చి తగువులు పెట్టిందని అనిపించుకోవడం ఎందుకు?

నేను పోసిన కొద్దీ అవి ఇంకా వాలిపోయాయి.

ఒకరోజు తెల్లవారగానే టీకి నీళ్ళు పెట్టి వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆరోజు వంతు కింది వాటా వాళ్ళది. వాళ్ళ తలుపు ఇంకా తీయలేదు. కానీ స్థలంలో కండక్టర్ బాబాయి ఉన్నాడు. ఇటూ అటూ చూసి చెంబు వంచాడు, మళ్ళీ ఏమీ ఎరగనట్టు వ్యాయామం చేస్తూ వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్ళాడో లేదో డ్యూటీ దిగి వస్తున్న నర్సక్క సంచిలోంచి సీసా తీసి మొదళ్ళలో పోసింది. షట్టరు ముందు కళ్ళాపి చల్లుతున్నట్టు నటిస్తూ టైలరు బకెట్ మొత్తం మొక్కల్లో కుమ్మరించాడు. టీ నీళ్ళు మరిగి ఇంకిపోతున్నాయి, నేను కదల్లేదు. పాల ప్యాకెట్ కోసమని వెళ్ళిన నా మొగుడు చొక్కా కింద నుంచి ఏం తీశాడనుకున్నారు? మా స్నానాల గది మగ్గు! అతని వెనకే, బియ్యం కడిగిన నీళ్ళ గిన్నెతో మా అత్తయ్య.

ఆఖరున కింది వాటా వాళ్ళు తలుపు తీసి, వాళ్ళ న్యాయమైన వంతు వాళ్ళు పోశారు.

నేను కొంగు బిగించి దిగాను. ఒక మొక్క మొదట్లో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయింది. బురద. వాసన చూస్తే కుళ్ళిన కంపు. ఇంకా లోపలికి వేళ్ళు పోనిస్తే గట్టిగా, నున్నగా తగిలింది. పాత షెడ్డు గచ్చు! దాని మీదే మట్టి పోశాం. నీళ్ళు దిగే దారి లేదు. ఇన్నాళ్ళూ మొక్కల్ని గిన్నెల్లో నానబెడుతున్నాం. దాహంతో వాలిన ఆకూ, మునిగి వాలిన ఆకూ ఒక్కలాగే ఉంటాయని నా పుస్తకంలో ఎక్కడో ఉంది. పరీక్షకి చదివాను, మార్కులూ వచ్చాయి.

వీధంతా పోగయ్యేసరికి నేను మొదటి మొక్కని వేళ్ళతో సహా పైకి లాగేసి ఉన్నాను.

"అయ్యో అయ్యో, పీకేస్తోంది!" నర్సక్క గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మాయ్, ఆగు ఆగు!" బాబాయి పరుగెత్తుకొచ్చాడు. "ఇంజనీరు రావడానికి ఎన్నాళ్ళో లేదు. ఇప్పుడు పీకితే ఆయనకి ఏం చూపిస్తాం, గుంటలా?"

"నీళ్ళు ఎక్కువయ్యాయి బాబాయ్ గారూ. వేళ్ళు కుళ్ళాయి, చూడండి."

"ఎక్కువెందుకవుతాయి? ఎవరి వంతుకి వాళ్ళే కదా పోస్తున్నది?"

నేను ఒక్కొక్కళ్ళ మొహం చూశాను. చెంబు, సీసా, బకెట్, మగ్గు, గిన్నె... అన్నీ చెప్పేశాను. నా మధ్యాహ్నం బకెట్ కూడా చెప్పాను.

"ఈ టైలరు బద్ధకస్తుడు, పోయడేమోనని..." అని గొణిగాడు బాబాయి.

"మీరు మర్చిపోతారేమోనని నేను!" టైలరు మండిపడ్డాడు. "వెనకటికి వీధి దీపం మార్చే పని మీ మీద పెడితే ఏమైంది? మీరు మార్చేలోపు స్తంభమే ఎత్తుకుపోయారు!"

"నేనా ఎత్తుకుపోయింది?"

"చాల్లే ఆపండి," అంది అత్తయ్య. "ఇదివరకు ఎవరూ చెయ్యక చెడింది ఈ వీధి. ఇప్పుడు అందరూ చేసి చెడగొట్టాం. అంతే తేడా." అని నా దగ్గరకొచ్చింది. ఆవిడ గొంతు తగ్గించినా అందరికీ వినిపించింది. "పీకితే బతుకుతాయని నీకు తెలుసా, అనుకుంటున్నావా?"

అబద్ధం చెబుదామనిపించింది. "అనుకుంటున్నాను అత్తయ్యా."

"అయితే గట్టిగా అనుకో." పమిట నడుముకి చుట్టి పక్క మొక్క మొదలు పట్టుకుంది. పట్టుకుంది కానీ లాగలేదు. నోరు జారింది ఆవిడే కదా. రేపు లారీలొస్తే ఈ వీధిలో కోడలి చదువు మాటెత్తడానికి ఆవిడకి మొహం ఉండదు. ఇద్దరం కలిసి లాగాం.

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దిగేసినవాళ్ళకి వాదన ఎందుకు? మా ఆయనా, కింది వాటా అన్నయ్యా గునపాలతో గచ్చు పగలగొట్టారు. బాబాయి ఇటుక ముక్కలు మోశాడు. వాటితో గుంటల అడుగు నింపి, నీళ్ళు పోయే కాలువ ఒకటి వీధి చివరిదాకా తవ్వాం. నల్లబడ్డ వేళ్ళు కత్తిరించడానికి టైలరు కత్తెర అడిగితే అతను దాన్ని గుండెకి హత్తుకున్నాడు. "బట్ట తప్ప ఇంకేదీ తగలనివ్వలేదమ్మా దీనికి," అంటూనే ఇచ్చాడు, కత్తిరిస్తున్నంతసేపూ మొహం అటు తిప్పుకున్నాడు. ఉన్న వేళ్ళు మోయలేవని ఆకులు కూడా దాదాపు అన్నీ తుంచేశాను. నేను మళ్ళీ నాటినవి మొక్కలు కావు, పుల్లలు.

మా ఆయన అరచేతుల్లో బొబ్బలు లేచాయి. నేను కూర్చుని ఊదుతుంటే, "ఇంకో రెండు గుంటలు తవ్వి రానా?" అన్నాడు. నవ్వబోయి ఏడ్చాను.

"చస్తే?" అన్నాను.

"చస్తే మనిద్దరం లారీలు కొనుక్కుందాం."

"జోకులెయ్యకండి."

"నాకూ భయంగానే ఉందోయ్," అన్నాడు అప్పుడు.

ఎవరూ చుక్క నీరు పోయకూడదని చెప్పాను. చెయ్యమంటే చేసేశారు గానీ, చెయ్యొద్దంటే వీధి వీధంతా అల్లాడిపోయింది. అలవాటైన వేళకి చెంబులు పట్టుకుని గుమ్మాల్లో నిలబడేవాళ్ళు, మళ్ళీ లోపలికి పోయేవాళ్ళు. బాబాయి కాలువ గట్టు మీద కుర్చీ వేసుకుని అందరి చేతులూ తనిఖీ చేసేవాడు. నన్ను కూడా వదల్లేదు. పుల్లలు పుల్లల్లాగే ఉన్నాయి. బెరడు మీద గోటితో గీకితే బతికున్నదో లేదో తెలుస్తుంది. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఆ సంగతి నాకు తెలుసు. గీకలేదు. తెలుసుకోవాలంటే భయం.

ఇంజనీరు వస్తానన్న రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఈసారి వానలు ముందే వచ్చేశాయి. ఒక చినుకు నా ముక్కు మీద పడింది.

"నీళ్ళు! నీళ్ళు పడుతున్నాయి!" అని అరిచాడు టైలరు, నిప్పంటుకున్నట్టు.

వీధి వీధంతా గొడుగులతో బయటికి వచ్చింది. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. నల్ల గొడుగులు, పువ్వుల గొడుగులు, ఊచలు విరిగినవి. గొడుగు లేనివాళ్ళు దుప్పట్లు, రేకులు పట్టుకొచ్చారు. ఒక్కొక్క పుల్ల దగ్గర ఒక్కొక్క మనిషి గొడుగు దాని మీద పట్టి, తను తడుస్తూ. నేల మీంచి పారి వచ్చే నీటికి గొడుగు ఏం చేస్తుందని చెప్పబోయాను. చెప్పలేకపోయాను. నా చేతిలోనూ మా ఆయన గొడుగు ఉంది. ఇంకో చేత్తో కాలువలో అడ్డుపడ్డ చెత్త తీస్తున్నాను.

ఇంజనీరు అలాంటప్పుడే దిగాడు జీపులోంచి. తడిసి ముద్దవుతూ చాలాసేపు మమ్మల్ని చూశాడు.

"ఏం చేస్తున్నారు మీరంతా?"

"మొక్కలు తడవకుండా సార్," అన్నాడు బాబాయి మర్యాదగా.

"మొక్కలు తడవకుండానా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏ వీధికెళ్ళినా నీళ్ళు పోయక ఎండగట్టి చంపుతారు. ఇదేమిటి? సరే, ముందు నాకో గొడుగివ్వండి."

ఎవరూ కదల్లేదు.

"ఖాళీ లేవు సార్," అన్నాడు బాబాయి. "ఏదైనా మొక్క పక్కన సర్దుకోండి. ముందుకు జరగాలి."

ఆయన వచ్చి నా గొడుగు కిందే దూరాడు. పుల్లని చూశాడు, నన్ను చూశాడు. జరిగిందంతా చెప్పాను. గచ్చు, బురద, పీకడం. "గోటితో గీకి చూడండి సార్. నాకు ధైర్యం చాల్లేదు."

ఆయన వంగి గీకాడు. గోధుమరంగు. ఎండుకట్టె.

నా పక్క మొక్క మీద గొడుగు అత్తయ్యది. అక్కడికి జరిగాడు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. గీకాడు.

"పచ్చగా ఉంది," అన్నాడు.

అత్తయ్య కళ్ళు తెరవలేదు. "ఇంకోసారి చూడండి బాబూ."

"పచ్చగానే ఉందమ్మా."

ఒక గొడుగు కింద నుంచి ఇంకో గొడుగు కిందికి దూరుతూ ఆయన అన్నీ గీకాడు. కొన్ని పోయాయి. టైలరుది పోయింది, అయినా అతను గొడుగు తీయలేదు. నర్సక్కది పచ్చన. బాబాయిది పచ్చన. ఆఖరి మొక్క దగ్గర ఆయన నడుం నిలబెట్టి, "పోయినవాటి చోట కొత్తవి నాటండి. వానలు వెళ్ళాక మళ్ళీ వస్తాను. అప్పటిదాకా లారీలు రావు," అన్నాడు.

అప్పటిదాకా. ఆ మాటకి సంతోషించాలో, అప్పటిదాకా నిద్ర మానుకోవాలో నాకు తెలియలేదు. వాన తగ్గింది. చినుకులు ఆగిపోయాయి. జీపు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఎవరూ గొడుగు దించలేదు. నేనూ దించలేదు.