మావయ్య కుళాయి

నర్సింగ్ రెండో ఏడు చదివే ఆ పిల్లని తోటివాళ్ళందరూ గాభరా అనే పిలిచేవారు. ఒకసారి పరీక్షలో రోగి చెయ్యనుకుని తన చేతికే పట్టీ చుట్టుకుని, బీపీ చూసి, ఈ రోగిని వెంటనే పడుకోబెట్టాలని రాసింది.

ఇలాంటివాళ్ళ కోసమే కాలేజీవాళ్ళు ఒత్తిడి తగ్గించుకోవడం అని కొత్త పాఠం పెట్టారు. బాగానే ఉంది. దానికీ ఒక పరీక్ష పెట్టారు. మేడమ్ ఎదుట కూర్చుని నాడి నెమ్మదించేలా చేసుకోవాలి. నెమ్మదించకపోతే తప్పినట్టే. దిగులు పోగొట్టే ఆ పరీక్ష దిగులుతో గాభరాకి అన్నం సయించడం మానేసింది. గదిలో స్నేహితురాలు ఊపిరి మీద ధ్యాస పెట్టమంది. పెడితే, ఊపిరెలా తీసుకోవాలో మరిచిపోయినంత పనయింది. సీనియరక్క సముద్రాన్ని తలుచుకోమంది. తలుచుకుంటే తనకి ఈత రాదని గుర్తొచ్చింది.

పరీక్షనాడు మేడమ్ వేలికి క్లిప్పు తగిలించారు. మిషన్ మీద అంకె నూట ఇరవై దగ్గర గంతులేస్తోంది. పాటలు వింటావో, ఎవరితోనైనా మాట్లాడతావో నీ ఇష్టం అన్నారు మేడమ్. గాభరా మేనమామకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"మావయ్యా, మొన్న కుళాయి బాగుచేయించావు కదా, ఏమైందో చెప్పవూ?"

మావయ్య ఏ సంగతైనా మొదటినుంచీ చెబితేగాని తృప్తిపడని మనిషి. ఆయన నోరు విప్పితే ఇంట్లో ఎవరి పని వాళ్ళకి గుర్తొస్తుంది. కుళాయి చుక్కచుక్కగా కారడం, తప్పు వాషర్‌దా పైపుదా అని అత్తయ్యతో వాదన, కొట్టువాడు చిన్న వాషర్‌కి బదులు పెద్దది ఇవ్వడం, మార్చుకోడానికి వెళ్తే కొట్టు కట్టేసి ఉండటం, అన్నీ వరసగా వచ్చాయి. అంకె తొంభైకి దిగింది. వాషర్ రంగు దగ్గరికొచ్చేసరికి డెబ్భైకి చేరింది.

గాభరా సంతోషంగా తలెత్తింది. మేడమ్ గడ్డం గుండెలకి ఆనించి గురక పెడుతున్నారు. ఇక మార్కులెవరు వేస్తారు? అంకె ఒక్క ఉదుటున పైకెగిరింది. క్లాసులో నేర్పినట్టే ఆవిడ భుజం తట్టి, "మేడమ్, నా మాట వినిపిస్తోందా?" అంది.

మేడమ్ ఉలిక్కిపడి లేచి మిషన్ చూశారు. తగ్గలేదుగా అన్నారు.

"తగ్గిందండీ. మీరే చూడలేదు."

నిద్రపోయానని ఒప్పుకోలేక మేడమ్ కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత ఈసారి కుర్చీ జోలికి పోకుండా నిలబడి, ఫోన్ వైపు వంగారు.

"ఆ తర్వాత ఏమైందండీ?"

ఆ మాట మావయ్యని అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి చుక్క నుంచి అందుకున్నాడు. అంకె బుద్ధిగా కిందికి దిగింది. మేడమ్ పాసని రాసి, తూగుతూ గోడ పట్టుకుని, పేపర్లు దిద్దడంతో వారంగా కంటిమీద కునుకు లేదని చెప్పి, మావయ్య నంబరు రాసుకున్నారు.

ఆ సాయంత్రం మావయ్య ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాడు. అంత పెద్ద చదువులు చదివినావిడ తన మాటలు నిలబడి మరీ విందని మేనకోడలే చెప్పిందన్నాడు. అత్తయ్య నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.