గుంత లేని చోట

"బట్టల తీగ దగ్గర గుంత పూడ్చమంటే పూడ్చవు," మూడోసారి అంది జెనీన్.

"ఈస్టర్‌కి రెండు తోపుడు బండ్ల మట్టి పోశాను. గుంత అక్కడ లేదు, నీ చీలమండలో ఉంది," అన్నాడు భర్త గ్లెన్, టీ కప్పులోంచి తల ఎత్తకుండా.

ఎనిమిదేళ్లుగా ఆ చీలమండ మడతపడినప్పుడల్లా జెనీన్ ఇంకెవరి మీదో నేరం మోపుతూ వచ్చింది. కుక్క మీద, కొత్త బూట్ల మీద, ఒకసారైతే చర్చి మెట్టు మీద. సాగిపోయిన లిగమెంట్లను బిగించి కుడితే తప్ప కాలు నిలవదని సర్జన్ చెప్పి ఏడాదైంది. ఆపరేషన్ అంటే ఈ నెట్‌బాల్ సీజన్ పోయినట్టే. గోల్ పడకుండా అడ్డుకునే గోల్ డిఫెన్స్ ఆటగత్తె, అదీ నలభై ఆరేళ్లది, ఒకసారి బెంచీ ఎక్కితే మళ్లీ ఎవరు పిలుస్తారు? అందుకే ప్రతి శనివారం కాలికి పొత్తిగుడ్డలు చుట్టినట్టు టేపు చుట్టుకుని కోర్టులోకి దిగేది.

"రా, చూపిస్తా," అంటూ తడి తువ్వాళ్ల బుట్టతో పెరట్లోకి నడిచింది. తీగ కింద నేల బల్లపరుపుగా ఉంది. అక్కడే చీలమండ మడతపడింది. ఆమె తువ్వాళ్ల మధ్య కూలబడింది.

"కుక్క లోపల పడుకుందమ్మా, ముందే చెబుతున్నా," అంది కూతురు టీగన్. అదే జట్టులో రెండేళ్లుగా ఆడే వంతు రాక బెంచీ మీద కూర్చుంటున్న పిల్ల.

జెనీన్ అరచేత్తో చుట్టూ గడ్డినంతా తడిమింది. గుంత లేదు. సాక్షులు మాత్రం ఇంటినిండా ఉన్నారు. ఆమెకే నవ్వొచ్చింది.

భోజనాల దగ్గర, ఆటలో తను చొక్కా మీద తగిలించుకునే, గోల్ డిఫెన్స్ అని రాసున్న గుడ్డను మడిచి టీగన్ పళ్లెం పక్కన పెట్టింది.

"సోమవారం సర్జన్‌కి ఫోన్ చేస్తున్నా. ఫైనల్లో నా చోట నువ్వు ఆడు," అంది. "బఠాణీలు ఇటు జరపండి."